గూడు చెదరని చిత్రం

పక్షిని చూడదలచినవాడు సూర్యునికంటె ముందుగా నిద్ర లేవాలి. రాత్రంతా కొమ్మలపై ముడుచుకొని కూర్చున్న పక్షులు తొలి వెలుగు సోకగానే ఒళ్ళు విరుచుకొని, ఈకలు సవరించుకొని మేతకు బయలుదేరుతాయి. తూర్పున ఏటవాలుగా పడే ఆ లేత కిరణాలలోనే వాటి రంగులు తమ నిజస్వరూపంతో కనిపిస్తాయి. ప్రొద్దెక్కినకొద్దీ వెలుగు తెల్లబడుతుంది, నీడలు గట్టిపడతాయి, నీటిమీది గాలి వేడెక్కి దూరపు దృశ్యం అలలు అలలుగా కదలిపోతుంది. అందువల్లనే పక్షుల ఛాయాచిత్రాలు తీసేవారికి వేకువజాము ఒక వ్రతకాలం వంటిది. అయితే ప్రతి వ్రతానికీ ఒక నియమం ఉంటుంది. నియమం లేని వ్రతం ఆడంబరంగా మిగులుతుంది. పక్షి ఛాయాగ్రహణమనే ఈ వ్రతానికి నియమం ఏమిటి? దానిని ఎవరి కోసం పాటించాలి? కెమెరా ప్రతి జేబులోనూ ఉన్న ఈ కాలంలో ఈ ప్రశ్న కొద్దిమంది కళాకారులకు మాత్రమే పరిమితమైనది కాదు.

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, సూళ్ళూరుపేటకు చేరువలో నేలపట్టు అనే చిన్న గ్రామం ఉన్నది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది నెల్లూరు జిల్లాలోని ఊరు. ఇక్కడి చెరువునూ పరిసరాలనూ ప్రభుత్వం 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. దీని విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. అభయారణ్యం అనగానే పులులు గాండ్రించే కీకారణ్యం మనసులో మెదులుతుంది. నేలపట్టు అటువంటిది కాదు. వానకు నిండి వేసవికి అడుగంటే చెరువు, ఆ చెరువు నీటిలోనే పాదాలు నాటుకొని నిలిచిన కడప చెట్లు, చుట్టూ చిట్టడవి, ఆవల పొలాలు. ఇంతమాత్రమే ఆ అభయారణ్యం. నెలల తరబడి మొదళ్ళు నీట మునిగి ఉన్నా చావని కడప చెట్టే అక్కడి పక్షులకు పెట్టనికోట. చుట్టూ ఉన్న నీరు ఆ కోటకు అగడ్త. పిల్లి, నక్క వంటి జంతువులు ఆ అగడ్తను దాటి గూళ్ళను చేరలేవు.

ఈశాన్య రుతుపవనాల వానలతో చెరువు నిండగానే పక్షుల రాక మొదలవుతుంది. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు గుంపులు గుంపులుగా వచ్చి చెట్లను పంచుకొంటాయి. వేసవి ముదిరేనాటికి రెక్కలు వచ్చిన పిల్లలతో తిరిగి వెళ్ళిపోతాయి. తూర్పు దిక్కున పులికాట్ సరస్సు ఉన్నది. మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత అదే పెద్దది. గూడబాతులు అక్కడికి పోయి చేపలు పట్టి పిల్లలకు తెస్తాయి. గూడు నేలపట్టులో, కూడు పులికాట్‌లో అన్నమాట. ఈ రెండింటిలో ఏది చెడినా ఆ సంసారం నిలవదు.

ఇక్కడి పక్షులలో గూడబాతు రాజు వంటిది. రెక్కలు చాస్తే ఏడు అడుగులకు పైగా ఉంటుంది. బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు. దాని పొడవైన ముక్కు ప్రక్కన వరుసగా నల్లని చుక్కలు, ముక్కు క్రింద సాగే తోలుసంచి ఉంటాయి. పొలానికి నీరు తోడే గూడను చూచినవారికి ఈ సంచి పనిచేసే తీరు సులభంగా బోధపడుతుంది. నీటితో సహా చేపను సంచిలోకి ముంచుకొని, నీటిని వదలివేసి, చేపను మ్రింగుతుంది. సాధారణంగా మూడు లేక నాలుగు గుడ్లు పెడుతుంది. అవి పొదగడానికి సుమారు నెలరోజులు పడుతుంది. పిల్ల తన తలను తల్లి సంచిలోనికి దూర్చి ఆహారాన్ని అందుకొంటుంది. అలా మూడునాలుగు నెలలపాటు పోషిస్తేగాని పిల్ల స్వతంత్రంగా ఎగరలేదు. ఒక పిల్లను నింగికి అప్పగించడానికి ఆ దంపతులు పడే శ్రమ మనుష్యుల సంసారశ్రమకు తీసిపోదు.

ఇటువంటి చోట జనవరి నెలలో ఒక వేకువను ఊహించుకొందాము. చెరువుకట్టపై మంచు పలుచగా పరచుకొని ఉన్నది. పట్టణం నుంచి వచ్చిన ఒక యువకుడు కట్టమీద నిలబడి ఉన్నాడు. భుజాన కొత్తగా కొన్న పెద్ద టెలిఫొటో లెన్సు. అతని ప్రక్కన ఆ ఊరికే చెందిన వృద్ధుడైన కాపలాదారు. చీకటి విచ్చుకొంటున్నకొద్దీ చెట్లపైని తెల్లని మచ్చలు పక్షులుగా మారుతున్నాయి. పిల్లల అరుపులతో చెరువంతా మారుమ్రోగుతున్నది. పెద్ద గూడబాతులు మాత్రం దాదాపు మౌనంగా ఉన్నాయి. యువకుని మనసులో ఒకే ఒక చిత్రం ఉన్నది. తల్లి సంచిలో తల దూర్చిన పిల్ల, ఆ తోలుసంచి గుండా ప్రసరించే ఉదయకాంతి. ఎంత గొప్ప దృశ్యం! కాని కట్టమీది నుంచి అది చిన్నదిగా కనిపిస్తున్నది. మధ్యలో ఒక కొమ్మ అడ్డుగా ఉన్నది. నీటి అంచు వెంబడి ముప్పై అడుగులు ముందుకు పోతే ఆ కొమ్మ తొలగిపోతుంది.

అతడు కట్ట దిగాడు.

"బాబూ, ఇంక ముందుకు పోవద్దు. తల్లి లేచిందంటే కాకి కాచుకోని ఉంటాది" అన్నాడు వృద్ధుడు.

"ఒక్క నిమిషం, పెద్దాయనా! నేనేమీ చేయనుగదా, ఫొటో తీసుకొని వచ్చేస్తాను" అన్నాడు యువకుడు.

ఆ మాటలో అబద్ధం లేదు. అతడు రాయి విసరలేదు, కొమ్మ విరవలేదు, కేక వేయలేదు. కేవలం నడిచాడు. ముందుగా నత్తగుల్ల కొంగలు లేచాయి. వాటిని చూచి నీటికాకులు లేచాయి. చివరకు ఆ చెట్టుపైని గూడబాతులు కూడా బరువైన రెక్కలు టపటప కొట్టుకొంటూ గాలిలోకి లేచాయి. ఆ క్షణంలో ఎక్కడినుంచో రెండు కాకులు వాలాయి. ఒక గూటిలోని తెల్లని గుడ్డు పగిలిపోయింది. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. యువకుని కెమెరాలో ఎగురుతున్న పక్షుల చిత్రాలు ఎన్నో నమోదైనాయి. చూచేవారు వాటిని మెచ్చుకొంటారు కూడా. వాటిలో ఏ ఒక్కదానిలోనూ ఆ పగిలిన గుడ్డు కనిపించదు.

ఈ సంఘటనలో దోషి ఎవరు? కాకి తన ఆకలి తీర్చుకొన్నది. అది దాని ధర్మం. గూడబాతు ప్రాణభయంతో లేచింది. అది దాని స్వభావం. యువకుడు పక్షులను ప్రేమించేవాడే. ప్రేమ లేనివాడు మంచులో చలికి వణుకుతూ అంతదూరం రాడు. అయినా నష్టం జరిగింది. ప్రేమ ఉన్నంతమాత్రాన హాని జరగదనుకోవడమే అతని పొరపాటు. పక్షికి మనిషి మనసు తెలియదు. తుపాకి పట్టుకొని వచ్చేవాడూ, కెమెరా పట్టుకొని వచ్చేవాడూ దానికి ఒకే రూపంలో కనిపిస్తారు. ఇద్దరూ రెండు కాళ్ళపై నడుస్తూ, ఏదో ఒక నల్లని గొట్టాన్ని తనవైపు గురిపెట్టి దగ్గరకు వచ్చేవారే.

మంచి ఉద్దేశంతో దగ్గరకు పోయినా పక్షి పారిపోతుందన్న సత్యాన్ని మన ప్రాచీనకవి ఒకరు ఐదువందల ఏండ్ల క్రిందటనే రమణీయంగా చిత్రించాడు. శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో శ్రీవిల్లిపుత్తూరు వర్ణన ఉన్నది. అక్కడ తెల్లవారుజామున పొలాల కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రపోతూ ఉంటాయి. ఊరి తలారులు వాటిని చూచి, వేకువనే స్నానం చేసి వెళ్ళిన విప్రులు మరచిపోయిన బట్టల ముద్దలని భ్రమపడతారు. తీసి వారి ఇండ్లకు చేరుద్దామని రేవులలోకి దిగుతారు. వెంటనే ఆ 'బట్టలు' లేచి పరుగెత్తుతాయి. వరిచేలకు కాపున్న పడుచులు అది చూచి నవ్వుకొంటారు. చక్రవర్తియైన కవి ఏ వేకువలోనో కాలువగట్టున నిలిచి, నిద్రించే బాతుల భంగిమను ఎంతో శ్రద్ధగా గమనించి ఉండకపోతే ఈ పద్యం పుట్టేది కాదు. కెమెరా లేని కాలంలో తీసిన ఛాయాచిత్రమిది. ఆ చిత్రంలో రెండు రకాల చూపరులు ఉన్నారు. తలారులు దగ్గరకు పోయారు. వారికి దక్కింది ఖాళీ నీరు. పడుచులు చేను దగ్గరే ఉండి చూచారు. మొత్తం దృశ్యం వారికే దక్కింది. తలారుల ఉద్దేశం పరోపకారమే. అయినా బాతుల నిద్ర చెడింది.

ఇంతకంటె లోతైన పాఠం నలచరిత్రలో ఉన్నది. శ్రీనాథుని శృంగారనైషధంలో నలుడు ఉద్యానవనంలోని కొలనివద్ద బంగారు హంసను చూచి ముచ్చటపడి పట్టుకొంటాడు. అతనికి దానిని చంపే ఉద్దేశం లేదు. దాని అందమే అతనిని ఆకర్షించింది. హంస మాత్రం తన ముసలితల్లిని, భార్యను, పిల్లలను తలచుకొని విలపిస్తుంది. అందాన్ని ఆశించి పట్టుకొన్న చేయి ఆ ఏడ్పు విని సడలుతుంది. విడిచిపెట్టిన తరువాతనే ఆ హంస తనంతట తాను తిరిగి వచ్చి అతనికి దూతగా మారుతుంది. నలుడు పిడికిలి విప్పకపోతే కథ అక్కడితో ఆగిపోయేది. నేటి ఛాయాగ్రాహకుడు కూడా ఒక నలుడే. అందం అతనిని ఆకర్షిస్తుంది, దానిని పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోవాలన్న కోరికకు, విడిచిపెట్టవలసిన బాధ్యతకు మధ్యనే అతని సంస్కారం తేలుతుంది.

చరిత్రను పరిశీలిస్తే కెమెరా తుపాకికి ప్రత్యామ్నాయంగా వచ్చిన సాధనమని చెప్పవచ్చు. ఒకప్పుడు పక్షిశాస్త్రమంటే పక్షిని కాల్చి, చర్మం ఒలిచి, దూది కూరి, పెట్టెలో భద్రపరచడమే. పక్షిశాస్త్రవేత్తగా ప్రపంచఖ్యాతి పొందిన సలీం అలీ కూడా బాల్యంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టినవాడే. దాని గొంతుపైని పసుపుపచ్చని మచ్చ ఆ బాలునిలో జిజ్ఞాసను రేకెత్తించి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి నడిపించింది. 1931–32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపిన ఆయన, జీవిత చరమదశ వరకు పక్షిసంరక్షణకు పాటుపడ్డాడు. ఇంగ్లండులో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే సోదరులు 1892లో గుడ్లతో ఉన్న పక్షిగూటిని ఛాయాచిత్రంగా తీశారు. 1895లో పక్షిగూళ్ళపై పూర్తిగా ఛాయాచిత్రాలతో కూడిన పుస్తకాన్ని వెలువరించారు. పక్షులు బెదరకుండా ఉండడానికి వారు ఎద్దు చర్మంతో డొల్లబొమ్మను చేయించి, అందులో దాగి గంటలకొద్దీ వేచి ఉండేవారు. నేటి లెన్సుల శక్తి వారి కెమెరాలకు లేదు. కాని నేటి ఛాయాగ్రాహకులలో చాలామందికి లేని ఓర్పు వారికి ఉన్నది. సాధనం పెరిగిన కొద్దీ సాధన తగ్గుతున్నదా అన్న సందేహం ఇక్కడ కలగక మానదు.

మన చట్టం ఈ విషయంలో ఎంతో సూక్ష్మంగా ఆలోచించింది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టుకోవడం మాత్రమే కాక, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లకుగాని గూళ్ళకుగాని భంగం కలిగించడం కూడా చేరి ఉన్నాయి. అంటే గూటిని కలవరపెట్టినవాడు చేత ఆయుధం లేకపోయినా వేటగాని వరుసలో నిలబడవలసి వస్తుంది. కట్ట దిగిన యువకుడు ఈ నిర్వచనాన్ని ఒక్కసారి చదివి ఉంటే అతని అడుగు తడబడేది. అయితే కోడెదూడలను కంచె ఆపినట్లు మనుష్యులను చట్టం ఒక్కటే ఆపలేదు. ప్రతి చెట్టు క్రింద ఒక కాపలాదారును నిలబెట్టడం సాధ్యం కాదు. కాపలాదారు లేనిచోట కూడా కాలు ఆగేటట్లు చేసేది విద్య మాత్రమే.

ఒక గుడ్డు పగిలితే ప్రపంచం మునుగుతుందా అని ఎవరైనా అడుగవచ్చు. గుంపులుగా గూళ్ళు కట్టే పక్షులకు స్థలవిశ్వాసం ప్రాణం. ఆ విశ్వాసం చెదిరితే అవి ఒక గూటిని కాదు, ఊరినే విడిచిపోతాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేరు ప్రాంతాన, ఆరేడు వద్ద గూడబాతుల పెద్ద స్థావరాన్ని 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. అప్పుడక్కడ సుమారు మూడువేల గూడబాతులు ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం పూర్తిగా అంతరించింది. బర్మాలోని సిట్టాంగ్ నదీ ప్రాంతంలో లక్షలకు లక్షలుగా గూడబాతులు ఉన్నట్లు 1877లో ఓట్స్ అనే పరిశీలకుడు వ్రాశాడు. తరువాతి కాలంలో ఆ స్థావరాలు కూడా నామమాత్రావశిష్టమైనాయి. ఇవి ఛాయాగ్రాహకుల వల్ల జరిగినవి కావు. కాని ఎంత పెద్ద స్థావరమైనా ఒక మనిషి ఆయుర్దాయంలోపే మాయం కాగలదని ఇవి నిరూపిస్తున్నాయి. ఇన్ని ఆపదలను దాటి మిగిలిన నేలపట్టు వంటి కొద్దిపాటి స్థావరాలపై మరొక భారం మోపడం ధర్మం కాదు.

మిగిలినవైనా ఎవరివల్ల మిగిలాయి? చాలాచోట్ల ఆ ఘనత గ్రామస్థులది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ప్రజలు ఏటేటా వచ్చే పక్షులను పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో చింతచెట్లపై గూళ్ళు కట్టే రంగుల కొంగలను ఊరంతా కాపాడుకొంటున్నది. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకోవడం పొరపాటు. ఇవి మన దేశపు పక్షులే. నీరు, మేత ఉన్నచోటును వెదుక్కొంటూ ఇక్కడికి వస్తాయి. తమిళనాడులోని వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువుపై పక్షులను కాల్చుతున్న సిపాయిల మీద ఫిర్యాదు చేసి, 1798లోనే నాటి కలెక్టరు వద్ద రక్షణపత్రం సంపాదించారు. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువునీరు తమ పొలాలకు ఎరువని ఆ రైతులకు తెలుసు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని ఆ రైతులు నాడు గ్రహించిన విషయాన్ని, పట్టా పుచ్చుకొన్నవారు నేడు మరచిపోతే అది విద్యకే చిన్నతనం. నేలపట్టు కట్టమీద ఆ వృద్ధుడు పలికిన మాటలో ఇటువంటి తరతరాల అనుభవం ఉన్నది. దానిని కాపలాదారు చెప్పిన అడ్డుమాటగా తీసివేయడం తగదు.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. ఛాయాచిత్రాలే లేకపోతే పట్టణాలలోని ప్రజలకు గూడబాతు ఎలా తెలుస్తుంది? తెలియనిదానిపై ప్రేమ ఎలా కలుగుతుంది? ప్రేమ లేనిదే రక్షణ ఎక్కడిది? ఈ వాదంలో చాలా సత్యం ఉన్నది. ఒక మంచి చిత్రం వేయి ఉపన్యాసాలు చేయలేని పని చేస్తుంది. శాస్త్రానికి కూడా కెమెరా ఎంతో మేలు చేసింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకొన్న కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి కనిపించింది. రాత్రివేళ మాత్రమే తిరిగే ఆ పక్షి జాడలను తెలుసుకోవడానికి తరువాతి పరిశోధకులు మెత్తని మట్టిని పరచి అడుగుజాడలను పరిశీలించారు. మనిషి లేకుండా తనంతట తానే పనిచేసే కెమెరాలను అమర్చారు. పక్షికి కనపడకుండా పక్షిని చూచిన తీరు అది. కాబట్టి కెమెరాను నిందించడం ఈ చర్చకు ప్రయోజనం కాదు. వంటకు వాడినా, ఇంటిని కాల్చడానికి వాడినా నిప్పు నిప్పే. తేడా అంతా పట్టుకొన్న చేతిలో ఉన్నది.

అయితే "ప్రజలలో ప్రేమ కలిగించడానికే చిత్రం తీస్తున్నాను" అనేవాడు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. బెదరిన పక్షి చిత్రం ప్రజలకు ఏమి నేర్పుతుంది? గూటికి అతి సమీపం నుంచి తీసిన చిత్రాన్ని నలుగురు మెచ్చుకొంటే, దానిని చూచిన మరి నలభైమంది అంతకంటె దగ్గరగా పోవాలని ప్రయత్నిస్తారు. ఆ గూడు ఉన్న చోటును పేరుతో సహా అందరికీ చాటితే మరునాటికే అక్కడ గుంపు చేరుతుంది. పక్షిని రప్పించడానికి దాని జోడు కూతను మొబైల్‌లో వినిపించేవారు ఉన్నారు. లేని శత్రువుతో పోరాడటానికి, లేని జోడును వెదకడానికి ఆ పక్షి తన మేతవేళను పోగొట్టుకొంటుంది. కనపడని పిల్లలు కనపడాలని గూటికి అడ్డుగా ఉన్న ఆకులను త్రుంచేవారు కూడా ఉన్నారు. ఆ ఆకు పిల్లకు గొడుగు. శత్రువు కంట పడనీయని తెర. ఈ విధంగా తీసిన చిత్రాలు ఎంత అందంగా ఉన్నా, అవి పక్షికి చేసిన అప్పును తీర్చలేవు.

మరి నియమం ఏమిటి? అది పెద్ద గ్రంథం కానక్కరలేదు. ఛాయాగ్రాహకుడు వచ్చినప్పుడు పక్షి ఏ పనిలో ఉన్నదో, అతడు వెళ్ళిపోయేటప్పుడూ అదే పనిలో ఉండాలి. ఇది ఒక్కటే కొలబద్ద. దీనినుంచి మిగిలిన నియమాలన్నీ వాటంతట అవే పుడతాయి. పక్షి మేత మాని మెడ నిక్కించి చూచిందంటే అది హెచ్చరిక, అక్కడే ఆగిపోవాలి. అయినా కుదుటపడకపోతే వెనుకకు రావాలి. గూడుకట్టే కాలంలో, అధికారులు ఏర్పరచిన బాట, వీక్షణగోపురం దాటి పోకూడదు. మెరుపుదీపం వాడకూడదు. గూటిపైకి డ్రోన్ వంటి యంత్రాలను పంపకూడదు. గూడు ఉన్న చోటును బహిరంగపరచకూడదు. స్థానికుల మాటకు విలువ ఇవ్వాలి. చిత్రం కుదరని రోజున ఖాళీచేతులతో తిరిగి రావడానికి సిద్ధపడాలి. ఈ చివరి నియమమే అన్నింటికంటె కష్టమైనది. దానిని పాటించగలవాడు మిగిలినవాటిని అనాయాసంగా పాటిస్తాడు.

పక్షులను తెలుసుకోవడానికి ఖరీదైన లెన్సు ఉండి తీరాలన్న భ్రమ కూడా విద్యార్థులలో కనిపిస్తుంది. కళాశాల ఆవరణలోని వేపచెట్టు, ఊరి చెరువుగట్టు, ఇంటి ముందరి కరెంటుతీగ కూడా పక్షిశాలలే. ఒక చిన్న పుస్తకంలో తేదీ, సమయం, కనిపించిన పక్షి పేరు, అది చేస్తున్న పని వ్రాసుకొంటూ పోతే ఒక్క ఏడాదిలో అది విలువైన పత్రమవుతుంది. పేరు తెలియకపోతే ముక్కు ఆకారం, కాళ్ళ రంగు, తోక పొడవు గుర్తించి బొమ్మ వేసుకోవచ్చు. బొమ్మ వేయవలసివచ్చినప్పుడు కన్ను నిజంగా చూడటం నేర్చుకొంటుంది. మీట నొక్కినప్పుడు చిత్రం యంత్రంలో ఉంటుంది. గమనించి వ్రాసుకొన్నప్పుడు అది మనసులో ఉంటుంది. రాయలవారి బాతులు ఐదువందల ఏండ్లుగా నిద్రలేస్తూనే ఉండడానికి కారణం ఈ రెండవ విధమైన చూపే.

తిరిగి నేలపట్టు కట్టమీదికి వద్దాము. పగిలిన గుడ్డును చూచి యువకుడు నిశ్చేష్టుడైనాడు. వృద్ధుడు అతనిని కసరలేదు. "రా బాబూ, ఈడ కూసో. అవి మనల్ని మరిచిపోవాల" అని చెట్టునీడ చూపించాడు. ఇద్దరూ కదలక మెదలక కూర్చున్నారు. లేచిన పక్షులు ఒకటొకటిగా తమ కొమ్మలకు తిరిగి వచ్చాయి. అరగంట గడిచింది; గంట గడిచింది. మంచు విడిపోయింది. మేలైన ఉదయకాంతి కూడా వెళ్ళిపోయింది. పులికాట్ వైపు నుంచి ఒక గూడబాతు రెక్కలు కదపకుండా గాలిలో తేలివచ్చి, కొమ్మపై వాలింది. పిల్ల అరుస్తూ దాని సంచిలోకి తల దూర్చింది. యువకుడు ఉన్నచోటు నుంచే ఒక చిత్రం తీశాడు. అందులో పక్షులు చిన్నవిగా ఉన్నాయి. అడ్డుకొమ్మ అలాగే ఉన్నది. వెలుగు కూడా కొంత కటువుగా ఉన్నది.

ఏ పోటీలోనూ ఆ చిత్రానికి బహుమతి రాకపోవచ్చు. కాని అది తీసిన తరువాత కూడా ఆ తల్లి పిల్లకు మేత పెడుతూనే ఉన్నది. ప్రక్కకొమ్మపైని పక్షి గుడ్లమీది నుంచి కదలలేదు. కాకులు ఆకలితో మరొకచోటికి పోయాయి. యువకుడు లెన్సును సంచిలో పెట్టుకొని కట్ట వెంబడి నిశ్శబ్దంగా నడిచి వెళ్ళాడు. వెనుక చెరువులో పిల్లల అరుపులు యథాప్రకారం వినిపిస్తూనే ఉన్నాయి.